పంట పండుగకు ఇచ్చిన ఆట డబ్బా

“దొంగలు పడితే టీవీని ఇడిసిపెట్టి డబ్బా ఒక్కటే కొంచవోతరా? నేనే ఇచ్చిన.”

“ఎవలకిచ్చినవ్?”

“దేవునికి. పంట పండుగకు మన ఇంటి నుంచి ఒకటి పోవాల్నా వద్దా?”

“నా డబ్బాను నన్నడగకుండ ఎట్లిస్తవ్ అవ్వా?”

“ఈ ఇంట్ల ఏది పోవాల్నో ఇన్నేండ్ల సంది నేను ఎవల్నన్న అడిగిన్నా? మీ నాయిన సైకిల్ ఇచ్చిననాడు అడిగిన్నా? మీ అమ్మ కొత్త కుక్కర్ ఇచ్చిననాడు అడిగిన్నా?”

“మరి నీ కుట్టు మిషనెందుకియ్యలే?”

“అది నడుస్తాంది గద.”

“నా డబ్బా నడుస్తలేదా?”

“ఇంకెన్ని దినాలు నడుస్తది? కొత్తది వస్తాందని నువ్వే అంటివి. అదొస్తే ఇది చెత్తనే అని నీ నోటితోనే అంటివి.”

నా మనుమరాలు తలుపు పట్టుకుని నిలబడింది. తల దువ్వుకుంటూ సగంలో లేచి వచ్చింది, దువ్వెన ఇంకా జుట్టులోనే ఉంది. గట్టిగా అరుస్తుందనుకుని నేను కూడా గొంతు సవరించుకున్నాను. అరవలేదు. చిన్నగా అడిగింది.

“అంటే చెత్తయితదని తెలిసే ఇచ్చినవ్. దేవునికిచ్చినవా అవ్వా, పారేసినవా?”

“పో, తల దువ్వుకో. చర్చికి టైమైతాంది” అన్నాను.

అది ఆదివారం పొద్దున. బీదర్‌లో మా ఇంట్లో ఆ రోజు ముగ్గురమే ఉన్నాం. నేను, బస్సు డ్రైవరుగా పనిచేసే నా కొడుకు, వాడి కూతురు ఈ పిల్ల. తల్లికి ఒంట్లో బాగాలేదని కోడలు ఖటక్ చించోళికి పోయింది. నా కొడుకు వరండాలో బూట్లు తుడుచుకుంటున్నాడు. మా మాటలన్నీ వాడికి వినబడ్డాయి. తుడిచిన బూటునే మళ్ళీ తుడిచాడు తప్ప తల ఎత్తలేదు. నా ముందు తల ఎత్తకపోవడం వాడికి చిన్నప్పుడే అలవాటు చేశాను. అది మర్యాద అనుకునేదాన్ని.

మా చర్చిలో ఏటా పంటలు చేతికొచ్చే కాలంలో పంట పండుగ చేస్తాం. పొలం ఉన్నవాళ్ళు జొన్న కంకులు, కందులు, చెరుకు గడలు తెస్తారు. లేనివాళ్ళు కోడినో, గుడ్లనో, ఊరగాయ సీసానో, ఇంట్లో చేసిన కేకునో తెస్తారు. అవన్నీ శనివారమే అప్పగించాలి. ఆదివారం ఆరాధన అయ్యాక ఆవరణలో ఒక్కొక్కటీ వేలం వేస్తారు. ఒక్కోసారి నిమ్మకాయ కూడా పెద్ద ధర పలుకుతుంది. పాడేవాళ్ళకు నిమ్మకాయతో పనేమీ ఉండదు, ఇవ్వాలని పాడతారు.

నేను పుట్టింది హళ్ళిఖేడ్‌లో. మా అమ్మ చెరుకు తోటల్లో కూలికి పోయేది. సొంత పొలం లేకపోయినా ఇంటి వెనక పాదుకు కాసిన మొదటి సొరకాయను, కోడి పెట్టిన మొదటి గుడ్డును తీసి పక్కన పెట్టేది. తిన్నాక మిగిలింది ఇస్తే అది బిచ్చం, తినకముందు ఇస్తేనే కానుక అనేది. నేను బడికి పోయింది కొద్దికాలమే. ఈ తెలుగు అక్షరాలు కూడా ఆదివారం బడిలో పట్టుబడినవే. కన్నడం బస్సు బోర్డు చదివేంత వచ్చు. చదువు తక్కువ కాబట్టి అమ్మ చెప్పిన ఆ ఒక్క మాటనే గట్టిగా పట్టుకున్నాను. పెళ్ళై బీదర్ వచ్చినప్పటి నుంచి మా ఇంట్లో కానుకను ఎంచేది నేనే. ఎవరినీ అడగను. అడిగితే మనసు వెనక్కి లాగుతుందని నా లెక్క. ఎవరి మనసు అన్నది ఎప్పుడూ ఆలోచించలేదు.

ఇక ఆ డబ్బా సంగతి. నా మనుమరాలు డిగ్రీ అయ్యాక ఉద్యోగానికి చాలా తిరిగింది. దొరకలేదు. పక్క వీధి పిల్లలకు ట్యూషన్లు చెప్పి కూడబెట్టిన డబ్బుతో ఒకరోజు ఆ గేమ్ డబ్బాను కొనుక్కొచ్చింది. ఇంతటి పెట్టెకు అంత ధరా అని నేను కొన్నాళ్ళు దానితో సరిగా మాట్లాడలేదు. ముందు గదిలో ఉన్న నా కుట్టు మిషనును వరండాలోకి తోసి, ఆ జాగాలో టీవీ పెట్టి, దాని కింద డబ్బాను పెట్టింది. తలుపుకు ఒక కాగితం అంటించింది. ఆడుకోవాలంటే గంటకు ఇంత, చెప్పులు బయట విడవాలి, చేతులు కడుక్కోవాలి, బూతులు మాట్లాడితే పంపేస్తాను అని. సాయంత్రం కాలేజీ పిల్లలు రావడం మొదలుపెట్టారు. నిజంగానే చేతులు కడిగించేది. బూతు మాట్లాడిన ఒకడిని నిజంగానే పంపేసింది. నాకు లోపల బాగానే అనిపించింది. పైకి మాత్రం కరెంటు బిల్లు సంగతే మాట్లాడేదాన్ని.

దానికి దాని తండ్రి ఒక గడువు పెట్టాడు. “క్రిస్మస్ దాక చూస్త బిడ్డా. ఆ అర్ర నీ ఖర్చు ఎల్లదీస్తే సరే. లేకుంటే హైదరాబాద్‌ల మీ మేనమామ చూసిన పనికి పోవాలె” అన్నాడు. అది ఒక ఆసుపత్రిలో బిల్లులు కొట్టే కౌంటరు పని. హాస్టల్లో ఉండాలి. పిల్లకు అది ఇష్టం లేదు. ఈ ఊళ్ళో, ఈ గదిలో, తన చేతి మీద తాను బతకాలన్నది దాని కోరిక. ఆ కోరికకు ఆధారం ఆ డబ్బా ఒక్కటే. అది నాకు తెలియని విషయం కాదు.

ఆ పిల్లలు ఆడేది సగమైతే వాదించుకునేది సగం. వంటింటి తెర వెనక బియ్యంలో రాళ్ళు ఏరుతూ నేను అంతా వినేదాన్ని. వాదన ఎప్పుడూ ఒకటే. ఈ డబ్బా చేసే కంపెనీ తర్వాతి కొత్త డబ్బాను ఎప్పుడు తేవాలి?

“ఇప్పుడే తేవాలె అక్కా. ఇది మెల్లగైంది. పక్క కంపెనోడు ముందుగాల తెచ్చిండనుకో, జనమంత ఆడికే పోతరు” అనేవాడు ఇంజినీరింగ్ చదివే ఒక పిల్లాడు.

“నీకేం పోయింది, మీ నాయిన కొనిస్తడు. దీన్ని కిస్తుల మీద కొన్నోళ్ళకు కిస్తులే తీరలే. దీని కోసం చేస్తమన్న ఆటలు సగం ఇంక రానే లేవు. ఇప్పుడు కొత్తది తెస్తే ఇది ఎందుకు చేసినట్టు? ఇంక రెండు మూడేండ్లు ఆగాలె” అనేది నా మనుమరాలు.

“నీ దుకాణం కోసం కంపెనీ ఆగుతదా అక్కా?”

“నీ తొందర కోసం ఉరుకుతదా మరి?”

ఒకసారి నన్ను కూడా అడిగారు, నవ్వడానికే. “అవ్వా, నువ్వు చెప్పు. కొత్త డబ్బా ఎప్పుడు తేవాలె?”

నేను నవ్వలేదు. “చెరుకు ఒక్క కోతకే పీకేస్తరా?” అన్నాను. మా హళ్ళిఖేడ్ దిక్కు చెరుకు కొట్టాక మొదళ్ళను భూమిలోనే ఉంచుతారు. వాటి నుంచి మళ్ళీ చిగురు లేచి రెండో పంట వస్తుంది. దాన్ని కూళె అంటారు. విత్తనం ఖర్చు లేదు, దున్నే పని లేదు. రైతుకు మిగిలేది ఆ కూళె పంటలోనే. “మొదటి పంటల పెట్టిన ఖర్చే వస్తది. మిగిలేది కూళెల. కూళె తీయకముందే తోట దున్నేటోడు రైతు కాదు” అన్నాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. నా మనుమరాలు “చూసిన్రా, మా అవ్వ నా పార్టీ” అంది. ఆ రాత్రి అన్నంలోకి నెయ్యి వేయమని అడిగితే, ఎప్పుడూ లేనిది, అడిగినంత వేశాను.

ఇంత తెలిసినదాన్ని చేసిన పని చూడండి.

పండుగకు కొన్ని రోజుల ముందు ఆ పిల్ల ఫోన్ చూస్తూ మెట్ల మీద కూర్చుంది. ముఖం వాడిపోయి ఉంది. ఏమైందని అడిగాను. “కొత్తది వచ్చే ఏడే వస్తదంటున్నరు అవ్వా. వస్తే మాత్రం ఇది చెత్తనే. ఎవడొస్తడు దీని మీద ఆడనీకి?” అంది. ఎవరు అంటున్నారని నేను అడగలేదు. కంపెనీ చెప్పిందా, జనం ఊరికే అనుకుంటున్నారా అని కూడా అడగలేదు. నా తలలో వేరే లెక్క నడిచింది. ఏడాదైతే ఎలాగూ విలువ పోయే వస్తువు. ఈ ఏడు కానుకకు ఇస్తే, ఇప్పుడున్న విలువతో పెద్ద కానుక ఇచ్చినట్టు ఉంటుంది. ఇంట్లో వేరే పనికొచ్చే వస్తువేదీ పోదు. కూరగాయలు వాడిపోకముందే అమ్మేసినట్టు.

దేవునితో నేను చేసిన బేరం అది. అప్పుడు దాన్ని తెలివి అనుకున్నాను.

శనివారం ఆ పిల్ల స్నేహితురాలి పెళ్ళి పనికని మన్నాఏఖేళ్ళి పోయింది, రాత్రి పొద్దుపోయాక గానీ రాలేదు. నేను వైర్లు ఊడబీకి, వాటితో పాటే డబ్బాను కడిగిన తువ్వాలులో చుట్టుకుని ఆటోలో చర్చికి పట్టుకుపోయాను. అక్కడ కానుకలు తీసుకుని బల్ల మీద సర్దుతున్నది మా వెనక గల్లీలో ఉండే వితంతువు. ఇళ్ళల్లో పాచిపని చేస్తుంది, నాలుగు కోళ్ళు పెంచుకుంటుంది. నన్ను పెద్దమ్మా అని పిలుస్తుంది. తువ్వాలు విప్పి చూసి, “ఇంత మంచిది ఇస్తున్నవా పెద్దమ్మా?” అని అడిగింది. పొంగిపోయి ఊరుకుంటే సరిపోయేది. నా గొప్ప లెక్క ఆమెకు కూడా చెప్పాలనిపించింది. “కొత్తది వస్తాందట. ఇది ఇంక ఎక్కువ దినాలు నడ్వది. అందుకే ఇప్పుడే ఇచ్చేస్తున్న” అన్నాను.

ఆమె తువ్వాలు మడిచి నా చేతికిచ్చింది. ఆమె ఎందుకు ఏమీ అనలేదో చెప్పాలంటే కిందటేటి వేలం గురించి చెప్పాలి. కిందటేడు ఆమె ఒక కోడిని తెచ్చింది. గుడ్లు పెట్టడం మానేసిన ముసలి కోడి. అది నేను చూడగానే పట్టాను. “ఉడకని కోడిని, గుడ్డు పెట్టని కోడిని దేవునికి ఇస్తవా? నీకు పనికిరానిది ఆయనకు పనికొస్తదా?” అని అందరి ముందూ అన్నాను. వేలంలో దాన్ని ఎవరూ పాడలేదు. ఇంట్లో పిల్లలు దాని కోసం ఏడుస్తున్నారట, ఆమే చెయ్యెత్తి పాడబోయింది. నేను మళ్ళీ అడ్డం పడ్డాను. “ఇచ్చినోళ్ళు పాడొద్దు. ఇచ్చి తీసుకునుడు ఏం కానుక?” అన్నాను. వేలం వేసే పెద్దాయన, రిటైరైన కన్నడ మాస్టారు, మేమంతా సార్ అంటాం, “అమ్మ చెప్పింది నిజమే” అన్నాడు. అప్పటి నుంచి అదే రూలు అయింది. ఆమె చెయ్యి దించుకుంది.

ఇక ఈ ఆదివారం. ఆరాధనలో ఏం పాడారో, పాస్టరు ఏం చెప్పాడో నాకు గుర్తు లేదు. పక్కనే కూర్చున్న మనుమరాలు నా వైపు చూడలేదు. పారేసినవా అన్న మాట చెవిలో ఈగలా తిరుగుతూనే ఉంది.

ఆవరణలో షామియానా వేశారు. గుమ్మడికాయలు, చెరుకు గడలు, కాళ్ళు కట్టిన కోళ్ళు, కేకుల డబ్బాలు, వాటి మధ్యన నల్లగా ఆ డబ్బా. సార్ ఒక్కొక్కటీ ఎత్తి చూపిస్తూ, ఎగతాళి చేస్తూ, ధర పెంచుతూ పోతున్నాడు. గుమ్మడికాయను ఎత్తలేక “ఇది మా చర్చి పెద్దల పొట్ట లెక్కుంది” అంటే అందరూ నవ్వారు. తర్వాత డబ్బాను రెండు చేతులతో ఎత్తి అటూ ఇటూ తిప్పాడు.

“ఇదేందో నాకెరుక లేదు. స్టెబిలైజరా?”

“రంధ్రాలున్నయ్ సార్, హీటరేమో చూడుండ్రి” అని వెనక నుంచి ఎవరో అన్నారు.

అప్పుడు, కిందటేడు కోడి తెచ్చిన ఆమె ముందుకొచ్చింది. “ఆటల డబ్బా సార్. టీవీకి పెడితే ఆటలొస్తయి. మా పెద్దమ్మ తెచ్చింది. కొత్తది వస్తాందట, ఇది ఇంక ఎక్కువ దినాలు నడ్వదట. అందుకే ఇప్పుడే ఇచ్చేస్తున్న అన్నది.”

ఆమె గొంతులో ఎత్తిపొడుపు లేదు. సార్‌కు తెలియదు కాబట్టి సాయంగా చెప్పింది. నేను శనివారం చెప్పిన మాటను ఒక్క ముక్క పోకుండా చెప్పింది. ఎత్తిపొడిచి ఉంటే నేను కూడా ఏదో ఒకటి అనేదాన్ని.

కుర్చీల్లో నవ్వులు లేచాయి. “అయితే ఆగుదం సార్. కొత్తది వచ్చినంక పెద్దమ్మ అదే తెస్తది, అప్పుడు పాడ్తం.”

“కొత్తది ఎప్పుడొస్తది?”

“దీపావళికి.”

“అరె, ఇంక మూడేండ్లు రాదు బై. నా తమ్ముడు చెప్పిండు.”

“నీ తమ్మునికి కంపెనోడు ఫోన్ చేసి చెప్పిండా?”

“మీరంత కంపెనీ ఓనర్లా?” అన్నాడు సార్. “డబ్బా ఎప్పుడు చేయాల్నో వాళ్ళు చూసుకుంటరు. మీరు పాట పాడుండ్రి.”

“కొబ్బరికాయ ధరకు ఇస్తరా సార్?”

మళ్ళీ నవ్వారు. నేను కొంగు సర్దుకున్నాను. ఎంత సర్దినా ఆ కొంగు ఎక్కడా నిలవలేదు. కిందటేడు ఆ కోడి బల్ల మీద ఉన్నప్పుడు ఆమె కూడా ఇలాగే కూర్చుని ఉంటుంది. అప్పుడు నేను ఆమె ముఖం చూడలేదు, కోడినే చూశాను.

నా పక్క నుంచి మనుమరాలు లేచింది. పొద్దున నాతో అన్న మాటే అందరి ముందూ అంటుందనుకున్నాను. అనడానికి దానికి హక్కుంది.

“సార్, నేను చెప్పొచ్చా?” అని అడిగింది. “ఆ డబ్బా మంచిగ నడుస్తాంది. మొన్న శుక్రవారం కూడ పిల్లలు ఆడిన్రు. కొత్తది వస్తదని కంపెనీ యాడ చెప్పలే, ఊకె జనం అనుకుంటున్నరు. నేను కూడ అట్లనే ఇని మా అవ్వకు చెప్పిన, తప్పు నాది. కొత్తది వచ్చినా ఇది ఆగిపోదు, దీని ఆటలు దీని మీద వస్తనే ఉంటయి. మా ముందటి అర్ర నడిచేది దీని మీదనే. మా అవ్వ పాతది తేలేదు సార్. మా ఇంట్ల సంపాయించేదాన్నే తెచ్చిచ్చింది.”

కూర్చుంది. సార్ డబ్బాను ఇప్పుడు వేరే రకంగా, పసిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. “ఇన్నరు గద. ఇప్పుడు పాడుండ్రి” అన్నాడు.

పాట మొదలైంది. కొబ్బరికాయ ధర అన్నవాడే మొదట పాడాడు. ఇంకొకరు పెంచారు. మన్నాఏఖేళ్ళి నుంచి వచ్చిన రోడ్ల కాంట్రాక్టరు ఒకాయన ముందు వరసలో భార్యతో కూర్చున్నాడు, ఆయన ఇంకా పెంచాడు. నా మనుమరాలి చేతిలో చిన్న పర్సు ఉంది. దాని జిప్పు మీద వేలు పెట్టుకుని కూర్చున్న సంగతి నేను అప్పుడు చూశాను. పాడి వెనక్కి కొనుక్కోవాలని తెచ్చుకుంది. కొబ్బరికాయ ధర దగ్గర ఊరుకుని ఉంటే దానికి దక్కేది. నా పరువు కోసం లేచి డబ్బాకు విలువ తెచ్చింది. ఆ విలువ దాని పర్సును దాటిపోయింది. జిప్పు మీద నుంచి వేలు తీసేసింది.

నా నడుము దగ్గర మూట ఉంటుంది, ఎప్పుడూ. ఎవరికీ చూపించని డబ్బుల మూట. నేను చెయ్యెత్తాను.

సార్ నన్ను చూశాడు. పాట ఆపాడు. బల్ల పక్కన నిలబడ్డ ఆ కోడి ఆమె తల వంచుకుని నేల చూసింది. కట్టేసిన కోళ్ళ చప్పుడే వినబడింది.

నా మనుమరాలు నా మోచేయి పట్టుకుని కిందికి దించింది. “వద్దవ్వా. ఇచ్చినోళ్ళు పాడొద్దని పోయినేడు నువ్వే చెప్తివి గద” అంది, నాకు ఒక్కదానికే వినబడేలా.

“ఏక్, దో, తీన్” అన్నాడు సార్. డబ్బా కాంట్రాక్టరుకు పోయింది.

ఇంటికి నడిచి వచ్చాం. దారిలో నా కొడుకు ఒక్క మాట అన్నాడు. “సైకిల్ ఇచ్చిననాడు నేను కూడ ఏడ్చినమ్మా. స్నానాలర్రల నల్లా ఇప్పి ఏడ్చిన.” అది నన్ను నిందిస్తూ అనలేదు. వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పాడు. వాడు ఇప్పటి వయసులో సగం ఉన్నప్పటి సంగతి. ఆ రోజు నీళ్ళు వృథా చేస్తున్నావని నేను బయట నుంచి కేకలు వేసిన సంగతి నాకు గుర్తొచ్చింది.

సాయంత్రం కాలేజీ పిల్లలు ఎప్పటిలాగే వచ్చారు. చెప్పులు బయట విడిచి, చేతులు కడుక్కుని, లోపలికి వచ్చి ఖాళీగా ఉన్న జాగాను చూశారు. “చర్చికిచ్చినం” అంది నా మనుమరాలు. ఇచ్చినం అంది, ఇచ్చింది అనలేదు. ఇంజినీరింగ్ పిల్లాడు, “అయితే కొత్తది వచ్చినంక మళ్ళ మొదలుపెడ్తవా అక్కా?” అని అడిగాడు. “అదొచ్చినప్పుడు చూద్దం తియ్” అంది. తడి చేతులతోనే వాళ్ళు వెళ్ళిపోయారు.

వాళ్ళు పోయాక బట్టల అల్మారా తీసి, అందులో నుంచి చిన్న మూట తీసింది. చేత్తో పట్టుకుని నొక్కే రిమోట్లు రెండు. పిల్లలు పడేస్తారని రోజూ ఆట అయిపోగానే చేతిరుమాలులో చుట్టి తన చీరల మధ్య దాచేది. అవి లేకుండా డబ్బా పనిచేయదట. అంటే నేను ఇచ్చిన కానుక కుంటి కానుక అన్నమాట. తెర ఇవతలే కూర్చుని ఇన్ని నెలలు బియ్యం ఏరాను, అది దేనితో నడుస్తుందో కూడా చూడలేదు.

“ఇయ్యి ఇక్కడుంటే నీకు పనికొస్తయి గద. ఇంకోటి కొన్నప్పుడు” అన్నాను. అప్పుడు కూడా నా నోటికి పొదుపే వచ్చింది.

“ఇచ్చినంక పూర్తిగ ఇయ్యాలె అవ్వా” అంది.

మర్నాడు సోమవారం పొద్దున అది రిమోట్లు సంచిలో పెట్టుకుని బస్టాండుకు బయలుదేరింది. నేను కూడా చెప్పులు వేసుకున్నాను. రమ్మనలేదు, వద్దనలేదు. మన్నాఏఖేళ్ళి బస్సులో కండక్టరు ఆడవాళ్ళకు ఉచిత ప్రయాణమని ఇచ్చే సున్నా టికెట్లు రెండు మా చేతిలో పెట్టాడు. కిటికీ పక్కన కూర్చున్నాక చెప్పాను, “నా దగ్గర పైసలున్నయి బిడ్డా. ఇంకోటి కొందం. దీనికన్న మంచిది.”

అది కిటికీలో నుంచే చూస్తూ, “నువ్వు కొనిస్తే అది నీ డబ్బా అయితదవ్వా. మళ్ళ పంట పండుగ వస్తది” అంది. కోపంగా అనలేదు.

కాంట్రాక్టరు ఇంట్లో టీవీ పెద్దది. డబ్బాను ఎలా పెట్టాలో తెలియక సోఫా మీద ఉంచారు. నా మనుమరాలు వైర్లు కలిపి, రిమోట్లు ఇచ్చి, ఏది నొక్కితే ఏమవుతుందో ఆ ఇంటి ఆడపిల్లలకు చూపించింది. ఆడే ముందు చేతులు కడుక్కోవాలని చెప్పింది. ఆ ఇంటావిడ మాకు చాయ్ ఇచ్చి, “కొత్తది వస్తాందంటున్నరు గదమ్మా, మరి ఇది ఎన్ని దినాలుంటది?” అని అడిగింది.

“కొత్తది రానియ్యండి అక్కా. మంచిగ చూసుకుంటే ఇది ఉంటది” అంది.

తిరిగి వచ్చే బస్సు ఎక్కకముందే తండ్రికి ఫోన్ చేసి, హైదరాబాద్ కౌంటరు పనికి వస్తానని మేనమామకు చెప్పమంది. క్రిస్మస్ దాకా టైముంది గద బిడ్డా అని వాడు అంటున్నది నాకు వినబడింది. “వద్దు నాయినా, ఇప్పుడే పోత” అంది.

ఇంటికొచ్చాక తలుపుకు అంటించిన కాగితాన్ని గోటితో గీకి తీసేసింది. మిగిలిన టీవీ వైర్లు చుట్టి కట్టింది. టీవీని గోడకు జరిపింది. తర్వాత వరండాలో ఉన్న నా కుట్టు మిషనును లోపలికి తోసుకొచ్చి, దాని పాత జాగాలో పెట్టింది.